ఒక్కరే విల్లు పట్టుకుని వెళ్తే ఎల్క్‌ని ఎలా పిలవాలి

ఎల్క్ అంటే అమెరికా కొండల్లో ఉండే పెద్ద జాతి జింక. దాని వేటకి ఇద్దరు వెళ్తే పని పంచుకోవచ్చు. ఒకరు వెనక 60, 70 గజాల దూరంలో చెట్ల చాటున కూర్చుని ఎల్క్‌లా కూత పెడుతుంటారు, రెండోవారు ముందు మాటు వేసి విల్లు పట్టుకుని ఉంటారు. వచ్చే బుల్ (మగ ఎల్క్) ధ్యాసంతా వెనక వినిపించే గొంతు మీదే ఉంటుంది కాబట్టి ముందున్న మనిషి పక్కనుంచే నడిచి వెళ్తుంది, బాణం వేయడానికి వీలు చిక్కుతుంది. ఒక్కరే వెళ్తే ఈ ఏర్పాటు ఉండదు. కూసేదీ మీరే, బాణం వేసేదీ మీరే, బుల్ కళ్ళు, చెవులు, ముక్కు మూడూ వెతుక్కుంటూ వచ్చేదీ సూటిగా మీ దగ్గరికే.

ఎల్క్ కూతని అనుకరించే సాధనాన్ని కాల్ అంటారు. "ఏ కాల్ కొనాలి" అని అడిగేవాళ్ళకి అందుకే నేను ముందు బ్రాండ్ పేరు చెప్పను. బుల్ 30 గజాల్లోకి వచ్చేసరికి మీ రెండు చేతులూ విల్లు మీద ఉండాలి, నోరు మాత్రం ఇంకా పని చేస్తుండాలి, ఇదొక్కటే చెప్తాను. అక్కడి నుంచి వెనక్కి ఆలోచించుకుంటూ వస్తే సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి. మిగతా సగం ప్రశ్నలకి కాల్‌తో సంబంధమే లేదు, అవన్నీ మీరు నిలబడే చోటు గురించి.

నేను చెప్పేదంతా అమెరికా పశ్చిమ కొండల గురించి, అంటే కొలరాడో, ఐడహో, మోంటానా, వయోమింగ్ వైపు, విల్లు వేటకి సీజన్ తెరిచే సెప్టెంబర్ నెల గురించి. అన్నిటికన్నా ఎక్కువ ఎల్క్ ఉన్నది కొలరాడోలో. పగటి పొద్దు తగ్గేకొద్దీ బుల్స్‌లో రట్, అంటే జత కట్టే కాలపు ఊపు, మొదలవుతుంది, సెప్టెంబర్ రెండో సగంలో ఊపందుకుంటుంది. ఒక ఆడ ఎల్క్ జత కట్టడానికి సిద్ధంగా ఉండేది దాదాపు ఒక రోజు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువే. ఆ సారి గర్భం నిలవకపోతే దాదాపు 21 రోజులకి మళ్ళీ ఆ స్థితికి వస్తుంది. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, షాపులో కొన్న కాల్ ప్యాకెట్ మీద "ఎస్ట్రస్" (జతకి సిద్ధంగా ఉన్న స్థితి) అని రాసి ఉందని సెప్టెంబర్ మొదటి వారం నుంచే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ దీర్ఘమైన ఏడుపు కూత పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. మంద ఆ స్థితిలో లేనప్పుడు ఆ గొంతు ఆ అడవిలో అతకదు, ఏళ్ళ తరబడి మనుషుల కూతలు విన్న బుల్‌కి అది తెలిసిపోతుంది.

ఇక కాల్స్. నేను తీసుకెళ్ళేవి మూడు రకాలు: నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్‌లు, ఒక ఓపెన్ రీడ్ కాల్, ఒక బ్యూగిల్ ట్యూబ్ (మగ ఎల్క్ పెట్టే పెద్ద కూతని బ్యూగిల్ అంటారు, అది పలికించే గొట్టం ఇది).

డయాఫ్రమ్ అంటే గుర్రపు నాడా ఆకారంలో ఉండే చిన్న ఫ్రేమ్, దాని మీద లాగి బిగించిన పలచని లేటెక్స్ పొర, చుట్టూ టేప్ అంచు. టర్కీ కోళ్ళ వేటగాళ్ళు వాడుతుండగా వాళ్ళ నుంచి ఎల్క్ వేటకి వచ్చింది. నాడా తెరిచి ఉన్న వైపు పళ్ళ వైపుకి పెట్టి, అంగిలికి ఆనించి, నాలుకతో పైకి అదిమి పట్టి గాలి వదలాలి. కొబ్బరాకు బూర ఊదినప్పుడు ఆకు అదిరినట్టే ఇక్కడ రబ్బరు పొర అదురుతుంది, నాలుక ఎంత గట్టిగా అదిమితే శబ్దం అంత పైకి వెళ్తుంది. మొదట్లో చాలామందికి వాంతి వచ్చినట్టుంటుంది, దాంతో "ఇది నా వల్ల కాదు" అని పక్కన పడేస్తారు. చాలాసార్లు తప్పు సైజుదే. అంగిలి ఇరుకుగా ఉన్నవాళ్ళు చిన్న ఫ్రేమ్ ఉన్నది తీసుకోవాలి, టేప్ అంచుని కత్తెరతో కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ తమ నోటికి సరిపెట్టుకోవాలి. ఒకేసారి ఎక్కువ కత్తిరించకండి, పక్కల నుంచి గాలి కారితే ఇక అది పనికిరాదు.

లేటెక్స్ ఒకటే పొర, పలచగా, తక్కువ బిగువుతో ఉంటే తక్కువ గాలికే పలుకుతుంది, ఆడ ఎల్క్, దూడ గొంతులకి అదే మంచిది. మందంగా, గట్టిగా బిగించి ఉంటే బ్యూగిల్‌కి తట్టుకుంటుంది కానీ మెత్తటి మ్యూ (ఆడ ఎల్క్, దూడ పెట్టే చిన్న కూత) తీయడం కష్టం. రెండు పనులూ ఒకదానితోనే కానిచ్చే రకాలూ ఉన్నాయి, కానీ ఒంటరి వేటలో చివరి నిమిషంలో అవసరమయ్యేది మెత్తటి గొంతే కాబట్టి, ఒక్కటే కొనాలంటే పలచనిది కొనమంటాను. లేటెక్స్ ఎండకి, వేడికి పాడవుతుంది, వాడేకొద్దీ సాగుతుంది కూడా. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. వాడాక తుడిచి ఆరబెట్టండి, రెండు మూడు పొరలు ఉన్నదైతే పొరలు అంటుకోకుండా మధ్యలో పలచటి ప్లాస్టిక్ ముక్క పెట్టండి. కొత్తది సీజన్ ముందే కొని కొన్నాళ్ళు వాడి మెత్తబడనివ్వాలి, అడవిలో మొదటిసారి ప్యాకెట్ విప్పడం సరికాదు. జేబులో ఎప్పుడూ రెండోది ఉండాలి, ఎందుకంటే చలి పొద్దున నోరు ఎండిపోయినప్పుడు కొన్ని డయాఫ్రమ్‌లు మొరాయిస్తాయి.

ఓపెన్ రీడ్ కాల్ పళ్ళతో నొక్కి ఊదేది. దూడ గొంతు, ఆడ ఎల్క్ గొంతు దీంట్లో ఎంత సహజంగా వస్తాయంటే, నేర్చుకున్నవాళ్ళు డయాఫ్రమ్ కన్నా దీన్నే ఇష్టపడతారు. ఇబ్బందల్లా ఒక చెయ్యి దానికే కావాలి. బుల్ ఇంకా దూరంలో ఉన్నప్పుడు, కంటికి కనిపించనప్పుడు వాడతాను. దీనికి ఇంకో ఉపయోగం ఉంది: నోట్లో డయాఫ్రమ్ ఉంటే దానితో ఒక గొంతు, ఓపెన్ రీడ్‌తో ఇంకో గొంతు, అప్పుడు అక్కడ ఉన్నది ఒక్క ఎల్క్ కాదు, రెండు మూడు అనిపిస్తుంది. చేత్తో నొక్కితే పలికే పుష్ బటన్ కాల్స్ నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, కానీ చెయ్యి కావాలి, ప్రతిసారీ అదే గొంతు వస్తుంది, అందుకే ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను. డయాఫ్రమ్ నిజంగానే పడకపోతే పళ్ళ మధ్య కరిచి పట్టుకుని చేతులు ఖాళీగా ఉంచుకునే చిన్న కాల్స్ దొరుకుతాయి, వాటితో కౌ కాల్ (ఆడ ఎల్క్ కూత) వరకు బాగానే గడుస్తుంది. ఎలక్ట్రానిక్ కాల్స్ జోలికి వెళ్ళొద్దు, కొలరాడోలో పెద్ద జంతువుల వేటకి అవి నిషేధం, మిగతా రాష్ట్రాల్లో ఎక్కడ వేటాడుతున్నారో అక్కడి నిబంధనల పుస్తకం చదువుకోండి.

బ్యూగిల్ ట్యూబ్ గురించి ఒక్క మాట. మగ ఎల్క్ బ్యూగిల్ వింటే పైకి సన్నటి ఈల వినిపిస్తుంది, అంత పెద్ద ఒంటికి అంత సన్నటి గొంతు ఏమిటని ఆశ్చర్యం వేస్తుంది. దీని మీద 2016లో ఒక పరిశోధన వచ్చింది. పైన ఈల 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల నడుస్తుంటే, అదే ఊపిరిలో కింద 150 హెర్ట్జ్ దగ్గర ఒక గర్జన కూడా ఉంటుందని, రెండూ ఒకేసారి పలుకుతాయని అందులో తేలింది. ట్యూబ్ లేకుండా డయాఫ్రమ్‌తో మాత్రమే బ్యూగిల్ చేస్తే ఆ కింది బరువు రాదు, ఈల ఒక్కటే గాల్లో తేలిపోతుంది. ట్యూబ్‌కి గుడ్డ తొడుగు వేయండి, ప్లాస్టిక్ కొమ్మకి తగిలి టక్కుమంటే అది అడవి శబ్దం కాదని అన్నిటికీ తెలిసిపోతుంది.

శబ్దాలు ఎన్ని నేర్చుకోవాలి అంటే, నాలుగు చాలు. మామూలు ఆడ ఎల్క్ మ్యూ, దూడ మ్యూ, దూరాన ఉన్న బుల్ చేత జవాబు చెప్పించే సాదా బ్యూగిల్, దగ్గర్లో రెచ్చగొట్టే బ్యూగిల్. వీటికి తోడు చెట్టుని కర్రతో రాయడం, దాన్ని రేకింగ్ అంటారు. మ్యూ అనేది ఒక సెకను కూడా ఉండని చిన్న కూత, పైనుంచి కిందికి జారుతుంది, "నేనిక్కడ ఉన్నాను, నువ్వెక్కడ" అన్నంత మామూలు మాట. దూడది ఇంకా సన్నగా, ఇంకా పొట్టిగా. నా లెక్కలో దూడ గొంతుకి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. దాంట్లో బుల్‌ని భయపెట్టేది ఏమీ లేదు, పోటీ లేదు, సీజన్ మొదట్లోనూ చివర్లోనూ సరిపోతుంది, వేటగాళ్ళ ఒత్తిడి ఎక్కువున్న పబ్లిక్ ల్యాండ్‌లో (ప్రభుత్వ భూముల్లో) మిగతా అందరూ బ్యూగిల్స్‌తో హోరెత్తిస్తుంటే ఇది వేరుగా వినిపిస్తుంది.

గొంతు ఎంత అందంగా ఉందన్నది మాత్రం పట్టించుకోకండి. రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ పెట్టే కాలింగ్ పోటీల్లో వాళ్ళు చేసేది అద్భుతంగా ఉంటుంది, వినండి, ఆనందించండి. కానీ నిజమైన ఎల్క్ గొంతులు అంత శుభ్రంగా ఉండవు, కొన్ని ఆడ ఎల్క్ కూతలు పాత తలుపు కిర్రుమన్నట్టు ఉంటాయి. సెప్టెంబర్‌లో వీలైతే ఒక సాయంత్రం కొలరాడోలో ఎస్టెస్ పార్క్ దగ్గర రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లోకి వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడి వినండి. పార్కులో వేట లేదు, కాల్స్ వాడటం కూడా నిషేధం, కాబట్టి అక్కడ మనం చేయాల్సింది వినడమే. ఏ కూత తర్వాత ఏ బుల్ ఎటు కదిలింది, మంద ఎటు జరిగింది, ఎంతసేపు ఏమీ మాట్లాడకుండా ఉన్నాయి, ఇవన్నీ చూస్తే నెల రోజులు వీడియోలు చూసినా దొరకని చదువు దొరుకుతుంది. ముఖ్యంగా ఆ మౌనం. ఎల్క్ మంద మేసేటప్పుడు చాలాసేపు ఏమీ అనదు, మనం మాత్రం ప్రతి రెండు నిమిషాలకీ కూస్తుంటాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఎల్క్ చెవికి శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో చాలా కచ్చితంగా తెలుస్తుంది, ఏ చెట్టు దగ్గర నుంచి అన్నంత కచ్చితంగా. బుల్ ఆ చోటు మనసులో పెట్టుకుని వస్తుంది. వచ్చి, ఆ చోటు కంటికి కనిపించే దాకా నడిచి, అక్కడ ఆగుతుంది. పిలిచిన ఆడ ఎల్క్ అక్కడ కనిపించాలి కదా, కనిపించకపోతే ఇంకో అడుగు వేయదు. విసుగొచ్చే దాకా చూసి, అటు తిరిగి వెళ్ళిపోతుంది. ఒంటరి వేటగాళ్ళకి పదే పదే ఎదురయ్యే "60 గజాల దగ్గర ఆగిపోయింది" అనే బాధ అంతా ఇదే. ఇది కాల్ లోపం కాదు. కాల్ దాని పని అది చేసింది, బుల్‌ని రప్పించింది. కూర్చున్న చోటు నుంచి ముందు 60 గజాలు బయలుగా ఉంది కాబట్టి బుల్ 60 దగ్గర ఆగింది.

అందుకే నేను కూత పెట్టే ముందు చూసేది ఒక్కటే: బుల్ ఎటు నుంచి వస్తే, ఈ చోటుని మొదటిసారి ఎక్కడ నుంచి చూడగలుగుతుంది? ఆ "ఎక్కడ" అనేది నా బాణం దూరంలో ఉండాలి. కొండవాలులో చదునుగా మెట్టులా ఉండే చోటు ఉంటుంది, వీటిని బెంచ్ అంటారు. దాని అంచు నుంచి 25 గజాలు లోపలికి జరిగి కూర్చుంటే, కింద నుంచి వచ్చే బుల్ అంచు ఎక్కే దాకా ఏమీ చూడలేదు, ఎక్కేసరికి 25 గజాల్లో ఉంటుంది. కూలిన చెట్ల గుట్ట, చిన్న మిట్ట, స్ప్రూస్ గుబురు మలుపు, ఇవన్నీ అదే పని చేస్తాయి. ఆస్పెన్ తోపులు చూడటానికి ఎంత బాగున్నా, మధ్యలో పొదలు లేకపోతే ఒంటరి కూతకి మంచివి కావు, బోదెల మధ్య నుంచి దూరం దాకా కనిపిస్తుంది. మంచి చోటు దొరక్కపోతే ఆ బుల్‌ని ఆ క్షణాన పిలవను. జవాబు వస్తుందని తెలిసినా పిలవను. ముందు చోటు వెతుక్కుంటాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. ఇది చెప్పినంత తేలిక కాదు, బుల్ అవతల గర్జిస్తుంటే వెంటనే జవాబివ్వాలని ఒళ్ళంతా టెన్షన్‌గా ఉంటుంది.

రెండో పద్ధతి, కూత పెట్టి అక్కడి నుంచి జరిగిపోవడం. బుల్ జవాబిచ్చింది, ఇంకా 150 గజాల అవతల ఉంది, మధ్యలో చెట్లు దట్టంగా ఉన్నాయి అనుకోండి. కూసిన చోటు నుంచి బుల్ వైపుకి 30, 40 గజాలు గబగబా, అలికిడి లేకుండా ముందుకి వెళ్ళి మాటు వేయాలి. ఇప్పుడు బుల్ మనసులో ఉన్న చోటు మీ వెనక ఉంది. అంటే ఇద్దరు వెళ్ళినప్పుడు ఉండే ఏర్పాటుని ఒక్కరే తయారు చేసుకున్నట్టు. ముందుకి జరిగాక అదే గొంతుతో మళ్ళీ కూయకూడదు, కూస్తే చేసిన పని అంతా వృథా. తప్పదనిపిస్తే తల వెనక్కి తిప్పి, చేత్తో నోటికి అడ్డు పెట్టి, మెల్లగా ఒక్క మ్యూ. ట్యూబ్ మూతి కూడా వెనక్కే ఉండాలి.

దీనికే ఇంకో రూపం ఉంది, ఇది నాకు బాగా నచ్చినది. కూసుకుంటూ బుల్‌కి దూరంగా నడుస్తాను, ఒక్కో కూతా ముందుదానికన్నా కొంచెం మెల్లగా. విన్న బుల్‌కి ఆడ ఎల్క్ వెళ్ళిపోతున్నట్టు అనిపిస్తుంది. దూరంగా ఆగి వింటున్న బుల్ చాలాసార్లు అప్పుడే కదులుతుంది. అది కదిలిందని తెలిసిన క్షణాన నోరు మూసి, వచ్చిన దారినే వేగంగా ముందుకొచ్చి కూర్చుంటాను. నేల మెత్తగా ఉంటేనే ఇది కుదురుతుంది, ఎండిన ఆకులు గలగలలాడుతుంటే ప్రయత్నించకండి. అయినా ఎల్క్ నడిస్తే కూడా కొమ్మలు విరుగుతాయి, కాబట్టి ఒకటీ అరా శబ్దానికి బెదిరిపోనక్కర్లేదు, మనిషి అడుగుల లయ వినిపించకుండా ఉంటే చాలు.

గాలి సంగతి. కొండల్లో పొద్దున చల్లటి గాలి దిగువకి జారుతుంది, ఎండ వాలు మీద పడి నేల వేడెక్కాక ఎగువకి మళ్ళుతుంది, సాయంత్రం నీడ పడగానే మళ్ళీ దిగువకి. మళ్ళే ఆ సమయంలో, పొద్దున తొమ్మిది పది ప్రాంతంలో, గాలి ఎటు పడితే అటు తిరుగుతుంది, ఆ అరగంట నేను ఏ బుల్‌నీ పిలవను. గాలి ఎటు వీస్తుందో చూపించే పౌడర్ సీసా చేతిలో పెట్టుకుని మాటిమాటికీ చూస్తుంటాను. బుల్ అనుభవం ఉన్నదైతే తిన్నగా రాదు, చుట్టూ తిరిగి గాలివాటుకి వచ్చి వాసన చూస్తుంది. కాబట్టి కూసిన చోటు నుంచి ముందుకి జరిగేటప్పుడు సూటిగా కాకుండా, గాలి వెళ్ళే వైపుకి కొంచెం పక్కగా జరగాలి. బుల్ చుట్టూ తిరిగే దారి మీ వాసన తగిలే లోపే మీ బాణం ముందుకి రావాలి. ఇది సరిగ్గా కుదిరే చోటు ప్రతి కొండ మీదా దొరకదు. దొరకనప్పుడు వెనుదిరగడం కూడా వేటే.

మందతో ఉన్న పెద్ద బుల్ విషయం వేరు. దానికి ఆడ ఎల్క్‌లు ఇప్పటికే ఉన్నాయి, ఇంకొకటి పిలిస్తే మందని వదిలి వచ్చే అవసరం దానికి లేదు. 300 గజాల నుంచి రెచ్చగొట్టే బ్యూగిల్ చేస్తే జవాబిస్తూనే మందని తోలుకుని అవతలి కొండకి వెళ్ళిపోతుంది. గంటల తరబడి దాని వెంట నడిచి అలసిపోయేవాళ్ళు ఎందరో. అలాంటి బుల్ విషయంలో నోరు మూసుకుని, గాలి చూసుకుని, 100 గజాల లోపుకి పాక్కుంటూ వెళ్ళాలి. అంత దగ్గర నుంచి దాని బ్యూగిల్ పూర్తి కాకముందే మధ్యలో అడ్డుపడి గుర్రుగా ఒక బ్యూగిల్ చేసి, పక్కనున్న చిన్న చెట్టుని కర్రతో గట్టిగా రాస్తే, అప్పుడది తన ఇంట్లోకి వచ్చిన పోటీదారు. కొన్నిసార్లు తిన్నగా మీద మీదకి వస్తుంది, విల్లు ఎత్తే సమయం కూడా ఇవ్వదు, అందుకే ట్యూబ్ కింద పడేసి విల్లు అందుకునే కదలికని ఇంటి దగ్గరే సాధన చేయాలి. మంద చుట్టూ తిరిగే చిన్న బుల్స్ మాత్రం మెత్తటి కౌ కాల్‌కి, దూడ గొంతుకి తేలిగ్గా వస్తాయి, చాలాసార్లు ఒక్క మాట కూడా మాట్లాడకుండా వస్తాయి. జవాబు లేదు కదా అని పది నిమిషాలకి లేచి వెళ్ళిపోతే, వస్తూ ఉన్నదాన్ని బెదరగొట్టినట్టే. కూత ఆపాక కనీసం అరగంట కదలకుండా కూర్చోండి, చూపు గాలి వెళ్ళే వైపు ఉంచండి.

బుల్ కనిపించాక ఇక కాల్ అక్కర్లేదు. వస్తున్నదాన్ని ఇంకా పిలవడం వల్ల దొరికేదేమీ లేదు, మీ చోటు ఇంకా కచ్చితంగా చెప్పినట్టవుతుంది. చెట్టు వెనక కాకుండా చెట్టు ముందు నిలబడండి, ఒంటి ఆకారం బోదెలో కలిసిపోతుంది, విల్లుకి అడ్డు ఉండదు. చుట్టూ ఉన్న రెండు మూడు చెట్ల దూరం రేంజ్‌ఫైండర్‌తో (దూరం కొలిచే పరికరంతో) ముందే చూసి పెట్టుకోండి, పాదాల కింద పుల్లలు తీసేయండి. బుల్ తల ఒక బోదె వెనక్కి వెళ్ళినప్పుడు విల్లు లాగాలి, కళ్ళు కనిపిస్తున్నప్పుడు లాగితే ఆ కదలికని పట్టేస్తుంది. ఫుల్ డ్రాలో, అంటే విల్లు పూర్తిగా లాగి పట్టుకుని ఉండగా బుల్ నడుస్తూనే ఉంటే, నోట్లో ఉన్న డయాఫ్రమ్‌తో చిన్నగా ఒక్క మ్యూ. ఆగి తల ఇటు తిప్పుతుంది. ఆ క్షణం కోసమే మనం ఇంత కష్టపడి నాలుక మీద ఆ రబ్బరు ముక్కతో నెలల తరబడి కుస్తీ పట్టింది. అది ఎక్కడ ఆగాలో మీరే ఎంచుకోవాలి, ముందు కొమ్మలు లేని ఖాళీలోకి గుండె భాగం వచ్చాక కూయాలి, ముందే కూస్తే గుబురు వెనక ఆగిపోతుంది. పక్కవాటంగా, లేదా కొంచెం అటు తిరిగి నిలబడితేనే బాణం వదలండి. ఎదురు రొమ్ముకి వేయొచ్చా అనే వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు నేను వేయను. గురి కొద్దిగా తప్పినా వెతకడానికి ఇంకో మనిషి లేడు.

బాణం వదిలిన వెంటనే ఇంకో మ్యూ పెట్టండి. దెబ్బ తిన్న బుల్‌కి ఏం జరిగిందో తెలియదు, ఆ గొంతు విని కొన్నిసార్లు కొద్ది దూరంలోనే ఆగుతుంది, కంటి ముందే పడిపోవచ్చు కూడా. ఆ తర్వాత కదలకుండా అరగంట ఆగాలి. దెబ్బ పొట్టలో తగిలిందని అనుమానం ఉంటే గంటలు ఆగాలి. బుల్‌ని చివరిగా చూసిన చోటుని ఒక చెట్టు గుర్తుతో మనసులో పెట్టుకోండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు కూత పెట్టే ముందే ఆలోచించాల్సిన ఇంకో విషయం బరువు. ఎదిగిన బుల్ దాదాపు 700 పౌన్లు ఉంటుంది, ఎముక తీసేసినా 200 పౌన్ల పైనే మాంసం, ఒక్కరి వీపు మీద అది చాలా విడతలు. లోతైన లోయ అడుగున బుల్ జవాబిస్తే, ఎండ ఎక్కువున్న మధ్యాహ్నం దాన్ని అక్కడే పడగొట్టి మాంసం చెడిపోకుండా పైకి తేగలనా అని అడుగుతాను. తేలేననిపిస్తే పిలవను, సాయంత్రం అది పైకి మేతకి వచ్చే దారిలో కూర్చుంటాను. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్ లేకుండా ఒంటరిగా వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

మీ కూత విని వచ్చేది ఎల్క్ ఒక్కటే కాదు. వేరే వేటగాళ్ళు వస్తారు. కొలరాడోలో సెప్టెంబర్ మధ్యలో కొన్ని రోజులు మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించే) తుపాకుల సీజన్ కూడా విల్లు సీజన్‌తో కలిసి నడుస్తుంది. ఎదురుగా వస్తున్నది మనిషి అనిపించగానే గొంతెత్తి మాట్లాడండి, చెయ్యి ఊపొద్దు, మళ్ళీ కూత పెట్టొద్దు. డికాయ్ (ఎల్క్ బొమ్మ) వాడేవాళ్ళు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. మోంటానా, వాయవ్య వయోమింగ్, ఐడహో తూర్పు భాగాల్లో గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉన్నాయి, దూడ గొంతు వాటికి భోజనం పిలుపే. అక్కడ వీపుకి పెద్ద బోదె ఆనించి కూర్చోండి, బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదకి కొట్టే ఘాటు స్ప్రే) బ్యాగులో కాదు, నడుము బెల్టు మీద చేతికి అందేలా ఉండాలి. బుల్ పడ్డాక మాంసం కోసి, పేగులు, ఎముకలు ఉన్న చోటు నుంచి కనీసం 100 గజాలు దూరంగా, బయలుగా కనిపించే చోట వేలాడదీయండి. రెండో విడతకి తిరిగి వచ్చేటప్పుడు దూరం నుంచే బైనాక్యులర్స్‌తో ఆ చోటంతా చూసి, ఏమీ లేదని తేలాకే, గట్టిగా మాట్లాడుకుంటూ దగ్గరికి వెళ్ళండి.